బాణలి నలుపు

ఫ్రీజర్లోంచి తీసిన పందిమాంసం గిన్నెలో రాయిలా కూర్చుంది. పిన్ని దాని మీద కుళాయి వదిలి, వేలితో నొక్కి చూసి, మళ్ళీ కుళాయి వదిలింది. పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు బయట పెట్టి ఉంటే ఈపాటికి మెత్తబడి ఉండేది. ప్రపంచంలో ఉన్నవన్నీ గుర్తొచ్చాయి గానీ, అదొక్కటే గుర్తు రాలేదు.

కాసేపట్లో పెద్దమ్మ వస్తుంది. వచ్చి ముంగిని తనతో తీసుకుపోతుంది. ఈలోగా ఈ రాయి కరిగి, ముక్కలై, వేగి, కంచంలోకి రావాలి. అది తిని ముంగి మనసు మారాలి. ఇదీ పిన్ని పథకం. ఇందులో పస లేదని పిన్నికీ తెలుసు. దింపుడు కళ్ళం ఆశ అంటారే, అలాంటిది. కానీ ఇంకో ఆశ ఏదీ ఆమె చేతిలో లేదు.

ఆ ఇంట్లో ఆమెను అందరూ పిన్ని అనే అంటారు. ఇద్దరాడపిల్లల తల్లి జబ్బు చేసి పోయాక వాళ్ళ నాన్న ఈమెను చేసుకున్నాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. పిల్లలకు ముద్దుపేర్లు పెట్టింది కూడా ఆయనే. చిన్నది వాగుడుకాయ, నిద్రలో కూడా నోరు మూయదు. పెద్దది ముంగి. పదమూడేళ్ళది. పది మాటలు అడిగితే ఒక మాట రాలుస్తుంది, ఆ ఒక్కటీ సూటిగా తగులుతుంది. కొత్తగా వచ్చిన పిన్నిని వాగుడుకాయ మొదటి సాయంత్రమే ఒళ్ళోకెక్కి సొంతం చేసుకుంది. ముంగి మాత్రం చాలాకాలం వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది.

ఆ గుమ్మం దాటించింది ఉప్పు. పిన్ని మాంసం తినదు. నియమమూ కాదు, మొక్కూ కాదు. ఆమె పని చేసేది ఆసుపత్రి కింది అంతస్తులో, ఆపరేషన్ సామాన్లు కడిగే గదిలో. నెత్తుటి కత్తెరలు, పట్టకార్లు రోజంతా బ్రష్షుతో తోమి, దీపం కింద తిప్పి తిప్పి చూసి, ఆవిరి పెట్టెలోకి పంపాలి. ఎక్కడైనా చిన్న మరక కనిపిస్తే ట్రే మొత్తం వెనక్కొస్తుంది. ఆ పనిలో చేరిన కొత్తలోనే ఆమె నోటికి మాంసం దూరమైంది. నాలుకకు తగిలితే చాలు, కడుపు తిరిగేది. వండటానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. వాసన చూసి కారం చెప్పగలదు, చప్పుడు విని వేగిందో లేదో చెప్పగలదు. ఉప్పు ఒక్కటే వాసనకూ చప్పుడుకూ అందదు.

ఒకరోజు ఆమె గరిటె పట్టుకుని దిక్కులు చూస్తుంటే, గుమ్మంలో ఉన్న ముంగి లోపలికొచ్చి, గరిటె లాక్కుని, నాకి చూసి, "ఇంకొంచెం" అంది. ఆ రోజు నుంచీ ఇంట్లో మాంసం వండితే ఉప్పు చూసేది ముంగే. "చాలు", "ఇంకొంచెం", "సోయా సాస్ వేశావుగా, ఇక వెయ్యకు పిన్నీ". వాళ్ళ చుట్టరికమంతా ఈ మూడు మాటల మీదే నడిచింది. తక్కువేం కాదు. కడుపున పుట్టిన పిల్లలతో ఈ మూడు మాటలు కూడా లేని తల్లులు ఉన్నారు.

అలా కుదిరిన దాన్ని పిన్ని తన చేతులతోనే పాడు చేసుకుంది, అదీ స్టీలు పీచు పెట్టి.

వంటింటి గోడకు ఒక ఇనుప బాణలి వేలాడుతుండేది. పిల్లల తల్లిది. లోపలా బయటా నల్లగా, నిగనిగలాడుతూ ఉండేది. పిన్నికి అది కంట్లో నలుసు. పగలంతా మరకల మీద యుద్ధం చేసే మనిషి, ఇంటికొచ్చి అంత పెద్ద మరకను గోడకు తగిలించుకుని ఎలా ఊరుకుంటుంది? పోయిన ఆదివారం తండ్రీ కూతుళ్ళు పార్కుకు వెళ్ళినప్పుడు, సోడా వేసి మరగబెట్టి, భుజాలు పడిపోయేదాకా తోమింది. సాయంత్రానికి బాణలి వెండిలా తెల్లగా వచ్చింది. పిల్లలు చూసి ఆశ్చర్యపోతారని మళ్ళీ అదే మేకుకు తగిలించింది. వాళ్ళ అమ్మ వస్తువును ఇంత బాగా చూసుకుంటున్నానని ముంగికి తెలియాలనే ఆ తాపత్రయమంతా.

ముంగి వచ్చి చూసింది. దగ్గరికెళ్ళి లోపల వేలు పెట్టి రాసింది.

"నలుపేది?" అంది.

"ఎంత మురికి పట్టిందనుకున్నావు! చూడు, ఎలా తెల్లగా..."

"మురికి కాదు పిన్నీ. అది అమ్మ రాసిన నూనె. వండిన ప్రతిసారీ రాసేది. నా చేత కూడా రాయించేది."

అంతే. మర్నాటికి బాణలి ఎర్రగా తుప్పు పట్టింది. ముంగి మూగనోము పట్టింది. మాటా లేదు, ఉప్పు చూడటమూ లేదు. పిన్ని మాంసం వండటమే మానేసి పప్పూ గుడ్డూ పెట్టి నెట్టుకొచ్చింది. నిన్న మాత్రం ముంగి ఫోనులో మాట్లాడటం తలుపవతలి నుంచి వినబడింది. "పెద్దమ్మా, నన్ను మీ ఇంటికి తీసుకెళ్ళు. ఇక్కడ అమ్మది ఏమీ లేదు."

పిన్ని ఆ మాట విని బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఏడ్చింది. తర్వాత తనే పెద్దమ్మకు ఫోను చేసి, "అక్కా, రేపు భోంచేసి వెళ్ళండి" అని బతిమాలుకుంది. ముంగికి అన్నిటికంటే ఇష్టం పందిమాంసం వేపుడు. దాన్ని ఆ బాణలిలోనే వండుతుంది. మళ్ళీ నల్లబడటం మొదలైందని ముంగి కళ్ళారా చూడాలి.

మాంసం పైపైన మెత్తబడింది, లోపల ఇంకా గట్టిగానే ఉంది. పిన్ని కత్తి తీసుకుంది. అలా సగం గట్టిగా ఉన్న మాంసమే పల్చగా తెగుతుందని కత్తి ఆడాక తెలిసింది. ఈ వారం మొత్తం మీద ఆమెకు కలిసొచ్చింది అదొక్కటే. ముక్కల్ని గుడ్డలో వేసి తడి పిండింది. గిన్నెలో సోయా సాస్, మిరియాల పొడి, నలగ్గొట్టిన వెల్లుల్లి, చెంచా మొక్కజొన్న పిండి వేసింది. ఉప్పు డబ్బా మూత తీసింది. అప్పుడే ఫోను మోగింది.

"చూడూ, రెండో షిఫ్టు వాడు రాలేదు. బండి నేనే తియ్యాలి," అన్నాడు భర్త. వెనక ఇంజను మోత.

"ఇవాళా? ఏమండీ, ఇవాళేనా? వాళ్ళు పిల్లను తీసుకెళ్ళిపోతున్నారు!"

"నువ్వున్నావుగా. నువ్వు చెబితే వింటుంది."

"నాతో మాట్లాడి వారమైంది అది!"

"బండి కదిలింది, మళ్ళీ చేస్తా."

ఊరందరినీ దింపాల్సిన చోట దింపుతాడు, మహానుభావుడు. సొంత కూతురు ఎక్కడ దిగిపోతోందో మాత్రం చూసుకోడు. పిన్ని ఫోను బల్ల మీద పడేసి గిన్నె వైపు తిరిగింది. ఉప్పు డబ్బా మూత తీసి ఉంది. చెంచా అందులోనే ఉంది. ఉప్పు వేసిందా, ఇంకా వెయ్యలేదా?

గిన్నెలోకి చూసింది. సాస్ రంగులో ఏమీ తెలియలేదు. వాసన చూసింది. తెలియదని తెలిసీ చూసింది. చివరికి వెయ్యలేదనుకుని వేసి కలిపింది.

తుప్పు తుడిచి ఉంచిన బాణలిని పొయ్యి మీద పెట్టి మంట పెంచింది. పొగ వచ్చేదాకా ఆగి, నూనె పోసి, ముక్కలు వేసింది. ముంగి వాళ్ళమ్మ కాలంలో అయితే ముక్కలు ఆ నలుపు మీద చేపపిల్లల్లా జారేవట. ఇప్పుడు వేసిన ముక్క వేసిన చోటే అతుక్కుపోయింది. గరిటె దూరదు. అట్లకాడ తీసుకుని గోకింది. సగం ముక్క లేచింది, సగం అడుగునే ఉండిపోయి మాడటం మొదలెట్టింది. "నన్నింకా ఎంత ఏడిపిస్తావే" అని బాణలిని తిట్టింది. మంట తగ్గిస్తే నీరు దిగుతుంది, పెంచితే మాడుతుంది. రెండో వాయి వేసేటప్పటికి నూనె చిమ్మి మణికట్టు మీద పడింది. చెయ్యి నీళ్ళ కింద పెట్టుకునే తీరిక లేదు. ఉల్లిపాయలు, క్యాప్సికం పడేసి, కాసిని నీళ్ళు చిలకరించి, అడుగంటింది గోకి కలిపింది. కంట్లో నీళ్ళు ఉల్లిపాయలవి కావు. అవి తరిగి చాలాసేపైంది.

వాగుడుకాయ పరిగెత్తుకుంటూ వచ్చింది. "పిన్నీ, అక్క బ్యాగు సర్దేసింది. నా రబ్బరు కూడా పెట్టుకుంది. అది నాది. పెద్దమ్మ ఇంట్లో కుక్క ఉంది కదా, అది అక్కని కరుస్తుందా? కరిస్తే అక్క వచ్చేస్తుందా?"

"కంచాలు పెట్టు తల్లీ," అంది పిన్ని.

ఇప్పుడు ఉప్పు సంగతి తేలాలి. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. పిన్ని ఒక ముక్క చెంచాలో తీసి, ఊది, పెదాల దగ్గరికి తెచ్చుకుంది. గట్టిగా కళ్ళు మూసుకుంది. నాలుక చివర తగిలిందో లేదో, కడుపులోంచి పేగులు లేచి వచ్చినట్టయింది. సింకు మీదికి వంగి, దగ్గి, నోరు కడుక్కుంది. ఆ చెంచాలోనే ఇంకో ముక్క పెట్టుకుని ముంగి గది దగ్గరికి నడిచింది.

"ముంగీ. ఉప్పు చూడమ్మా. ఒక్కసారి."

తలుపు మీద వేలి కణుపుతో కొట్టింది.

"వెళితే వెళుదువుగానీ. ఉప్పు చూసి వెళ్ళు."

లోపల జిప్పు లాగిన చప్పుడు అయింది. తలుపు తెరుచుకోలేదు. చెంచాలో ముక్క చల్లారేదాకా పిన్ని అక్కడే నిలబడింది. ఇంత వయసొచ్చి ఒక చెంచాతో తలుపు ముందు అడుక్కుంటున్నానని ఆమెకు సిగ్గనిపించలేదు. తలుపు తీస్తే చాలనిపించింది.

వంటింట్లోకి తిరిగొచ్చేసరికి పెద్దమ్మ మాట ఒకటి గుర్తొచ్చింది. క్రితంసారి వచ్చినప్పుడు కూర నోట్లో పెట్టుకుని, "పథ్యం కూడులా ఉందే అమ్మాయ్" అని నవ్విందామె. ఇవాళ కూడా ఆ మాట అంటే? ముంగి ముందు అంటే? పిన్ని ఉప్పు డబ్బాలోంచి ఇంకో చిటికెడు తీసి వేసేసింది. కాస్త పెద్ద చిటికెడే.

పెద్దమ్మ కారు నేర్పే బడి నడుపుతుంది. కారు మీద ఎర్రటి "ఎల్" అక్షరం, మనిషిలో నూరు మైళ్ళ వేగం. వస్తూనే కుర్చీలో కూలబడి, వడ్డించబోతున్న పిన్ని చేతిని ఆపింది.

"నాకొద్దు. బీపీ అట. డాక్టరు ఉప్పు ముట్టుకోవద్దన్నాడు. రెండు బ్రెడ్డు ముక్కలు ఉంటే పడెయ్యి."

ఎవరి కోసం చిటికెడు ఎక్కువ వేసిందో ఆ మనిషికే పథ్యం వచ్చింది. పిన్ని నవ్వాలో ఏడవాలో తెలియక బ్రెడ్డు తెచ్చి పెట్టింది. పెద్దమ్మ చెడ్డదేం కాదు. చెల్లెలు పోయిన ఇంట్లో కూర్చోవడం ఆమెకూ కష్టమే. గోడ మీద మేకు ఖాళీగా ఉండటం చూసి, పొయ్యి మీద బాణలి వైపు చూసి, చూపు తిప్పుకుంది.

ముంగి వచ్చి కూర్చుంది. బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుంది. పిన్ని అన్నం పెట్టి పక్కన వేపుడు వేసింది. ముంగి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ సాగింది.

వాగుడుకాయ కూడా ముద్ద పెట్టుకుంది. దాని కళ్ళు పెద్దవయ్యాయి. "అక్కా, ఇది..." అంటూ నోరు తెరిచి, వెంటనే "అబ్బా!" అంది. బల్ల కింద ముంగి కాలు కదలడం పిన్నికి కనబడింది.

"నోరు మూసుకుని తిను," అంది ముంగి చెల్లెలితో.

వెళ్ళేముందు కూడా దెబ్బలాటేనా అనుకుంది పిన్ని. ఆగలేక అడిగేసింది. "ఉప్పు సరిపోయిందా?"

ముంగి తలెత్తి ఆమె వంక చూసింది, వారం తర్వాత మొదటిసారి. "సరిపోయింది."

పిన్ని గుండె ఎక్కడికో ఎగిరింది. ముంగి మాట్లాడింది! అంతేనా, మారు వడ్డించుకుంది. మధ్య మధ్య నీళ్ళు తాగుతూ కంచంలో ముక్క మిగల్చకుండా తినేసింది. పిన్ని చూస్తూనే ఉంది. గెలిచాననుకుంది. బ్యాగు మళ్ళీ లోపలికి వెళుతుందనుకుంది. పిచ్చిది.

ముంగి లేచి చెయ్యి కడుక్కుంది. ఇంకో గ్లాసు నీళ్ళు తాగింది. బ్యాగు భుజాన వేసుకుని, "పద పెద్దమ్మా" అంది.

"నాన్నకు నేను ఫోను చేస్తాలే," అంది పెద్దమ్మ పిన్ని ముఖం చూడకుండా.

తలుపు మూసుకుంది. మెట్ల మీద అడుగులు దిగిపోయాయి. పిన్ని బల్ల దగ్గరే నిలబడిపోయింది. మొగుడొచ్చి అడిగితే ఏం చెప్పాలి? ఇంకొకరి పిల్లను నమ్మి చేతిలో పెడితే, నిలుపుకోలేకపోయానని చెప్పాలా? ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి కంచాలు తీయబోయింది. వాగుడుకాయ కంచంలో అన్నం కింద ముక్కలన్నీ దాక్కుని ఉన్నాయి.

"ఇదేంటే, తినలేదు?"

"నేను చెప్పను. అక్క చెప్పొద్దంది. చెబితే మళ్ళీ తంతుంది," అంది వాగుడుకాయ, ఇంతలోనే మనసాగక, "పిన్నీ, నా నాలుక మండిపోయింది."

పిన్ని ఆ కంచంలోంచి ఒక ముక్క తీసింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. నోట్లో పెట్టుకుని నమిలింది. కడుపు తిరిగింది, అయినా నమిలింది. ఉప్పు. ఉప్పు కషాయం. రెండుసార్లు కాదు, మూడుసార్లు పడ్డ ఉప్పు. ముంగి దీన్ని కంచం నిండా తిన్నది. మారు వడ్డించుకుని తిన్నది. సరిపోయిందంది. పిన్ని ఆ ముక్కను మింగింది.

మరుక్షణం చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగుతోంది. వెనక వాగుడుకాయ "పిన్నీ, నేనూ వస్తా, నేనూ!" అంటూ దూకుతోంది.

కారు ఇంకా వెళ్ళలేదు. ఎవరో దాని ముందు స్కూటరు అడ్డంగా పెట్టి మాయమయ్యారు. పెద్దమ్మ హారను మీద చెయ్యి తీయకుండా ఆ వంశాన్నంతా తిడుతోంది. పిన్ని వెనక కిటికీ మీద అరచేత్తో కొట్టింది. ముంగి అద్దం దించింది.

"ఉప్పు కషాయంగా ఉంది," అంది పిన్ని రొప్పుతూ.

"వాగుడుకాయ చెప్పిందా?"

"నేనే తిన్నాను."

ముంగి ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వా? మింగావా?"

"మింగాను."

"కక్కుకోలేదా?"

"ఇంకా లేదు. సరిపోయిందని ఎందుకన్నావే? ఎలా తిన్నావే అంత ఉప్పు?"

ముంగి ముందు సీటు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "పెద్దమ్మ ముందు ఎలా చెప్పను? నవ్వుతుంది కదా. నిన్ను."

పిన్ని కిటికీ అంచు పట్టుకుంది. కాలిన మణికట్టు ఇనుముకు తగిలి చురుక్కుమంది. "మీ అమ్మ నలుపు నేను తీసేశాను. మళ్ళీ తేలేను. నాకు రాదు. మురికేదో, మనిషి చేసుకున్నదేదో నాకు తేడా తెలియలేదు. వెళ్ళకు తల్లీ. నువ్వు లేకపోతే ఆ ఇంట్లో నాకేదీ తెలియదు."

ముంగి బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. స్కూటరు మనిషి ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చి, పెద్దమ్మ చేత నాలుగు తిట్లు తిని, బండి తీశాడు. కారు కదిలింది. పిన్ని కిటికీ వదల్లేక దాంతోపాటు నాలుగడుగులు నడిచింది.

"పెద్దమ్మా, ఒక్క నిమిషం," అంది ముంగి. కారు ఆగింది. "పిన్నీ, బాణలి కడిగేశావా?"

"లేదు. అడుగంటి అలాగే ఉంది."

"పీచు పెట్టకు. సబ్బు తగలనివ్వకు. ఉత్త నీళ్ళు పోసి కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె రాసి పెట్టు. పల్చగా. అడుగున అంటుకున్నది గోకకు. నేనొచ్చి తీస్తా."

"ఎప్పుడొస్తావు?"

పెద్దమ్మ గేరు మార్చింది. ముంగి కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"తుప్పు పట్టకముందే."

కారు మలుపు తిరిగింది. పిన్ని వాగుడుకాయ చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చి, చెప్పింది చెప్పినట్టు చేసింది. ఉత్త నీళ్ళతో కడిగి, మంట మీద ఆరబెట్టి, గుడ్డపేలికతో నూనె రాసింది. బాణలి అడుగున మాడి అంటుకున్న మరక అరచేయంత ఉంది. చెయ్యి దానంతటదే స్టీలు పీచు మీదికి వెళ్ళింది. పిన్ని ఆ పీచు తీసి వాగుడుకాయ చేతిలో పెట్టింది.

"దీన్ని ఎక్కడైనా దాచెయ్యి. నేనడిగినా చెప్పకు."

"అక్క వచ్చేదాకానా?"

"అక్క వచ్చాక కూడా," అంది పిన్ని, బాణలిని మేకుకు తగిలిస్తూ.